ఐసు మీద తెరచాప పడవ: తమ్ముడు వెళ్తానంటున్నాడు, వెళ్ళనివ్వొచ్చా?

సీతమ్మధార అక్క | డిసెంబరు 26, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా తమ్ముడు అమెరికాలో మాడిసన్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ గడ్డకట్టిన సరస్సు మీద తెరచాప కట్టిన బండిలాంటిది పరిగెత్తిస్తారట. దాన్ని ఐస్‌బోట్ అంటున్నాడు. వాడి ల్యాబ్‌లో ఒకాయన క్లబ్బు సభ్యుడు, ఈ శనివారం రమ్మన్నాడట. వీడియో పంపాడు. కారు కంటే వేగంగా పోతోంది, కింద నల్లగా నీళ్ళు కనిపిస్తున్నాయి. అమ్మకి ఇంకా చూపించలేదు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ ఐసు మనిషిని మోస్తుందని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఎవరైనా చూసి చెప్తారా, దేవుడి మీద భారం వేసి ఎక్కేస్తారా? ఇక్కడ తెరచాప తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

వాగుడుకాయ | డిసెంబరు 26, రాత్రి 10:05

మన ఊళ్ళో చెరుకురసంలో వేసిన ఐసే గ్లాసు పూర్తయ్యేలోగా మాయమైపోతుంది. దాని మీద పడవా! వద్దని చెప్పండి అక్కా.

తిరుగుటపా | డిసెంబరు 26, రాత్రి 11:31

అక్కా, కంగారు పడకండి. నేను మాడిసన్‌లో తొమ్మిదేళ్ళు ఉండి రెండేళ్ళ కిందట మధురవాడ వచ్చేశాను. ఐస్‌బోటు నాలుగు సీజన్లు తోలాను. గొప్పగా ఏమీ తోలలేదు, ప్రతిసారీ చివరి నుంచి రెండోవాడినో మూడోవాడినో.

ముందు ఐసు సంగతి. అక్కడ అందరూ చెప్పే లెక్క: మనిషి నడవాలంటే కొత్తగా కట్టిన గట్టి, పారదర్శకమైన ఐసు కనీసం 4 అంగుళాలు ఉండాలి. ఒక మనిషి తోలే చిన్న ఐస్‌బోటుకీ మామూలుగా అదే చూస్తారు. చిన్న కారుకి 9, 10 అంగుళాలు. అయితే ఈ లెక్కని సరస్సు మొత్తానికి ఒకేసారి వర్తింపజేయడానికి లేదు. ఒకచోట 6 అంగుళాలు ఉంటుంది, ముప్ఫై అడుగులు పోతే 2 ఉంటుంది. అందుకే ఎవరూ ఒడ్డున నిలబడి చూసి చెప్పరు. చేతిలో ఒక ఇనుప గునపం పట్టుకుని, నాలుగడుగులకోసారి గట్టిగా పొడుచుకుంటూ నడుస్తారు. ఒకట్రెండు పోట్లకే నీళ్ళు పైకొస్తే అక్కడి నుంచే వెనక్కి. నిలిస్తే డ్రిల్లుతో బొక్క పెట్టి, కొక్కెం ఉన్న స్కేలు దించి, ఎన్ని అంగుళాలో కొలుస్తారు. మళ్ళీ కొంత దూరం పోయి ఇంకో బొక్క. పడవలు తోలే ప్రాంతమంతా ఇలాగే తిరుగుతారు. నిజం చెప్పాలంటే సగం రోజు దీనికే పోతుంది.

మీరు వీడియోలో చూసిన నల్ల రంగు భయపడాల్సింది కాదు. ఐసులో బుడగలు లేకుండా గట్టిగా కడితే అద్దంలా ఉంటుంది, కింద లోతు నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. తెల్లగా పాలలా కనిపించేదాని దగ్గరే అనుమానపడాలి.

ఐసు గునపం | డిసెంబరు 27, ఉదయం 6:14

అన్నా, ఇది మాకు రోజూ కనిపించే సంగతే. ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పదమూడేళ్ళు చేశాను. డబ్బాల్లో మంచినీళ్ళు పోసి, చల్లబరిచిన ఉప్పునీటి ట్యాంకులో దించుతాం. ఐసు గోడల వైపు నుంచి లోపలికి కడుతుంది. కట్టేటప్పుడు నీళ్ళలోని గాలినీ మురికినీ మధ్యకి తోసేస్తుంది. అందుకే దిమ్మ బయట అద్దంలా, మధ్యలో తెల్లగా ఉంటుంది. గునపంతో కొడితే ముందు విరిగేది ఆ తెల్ల భాగమే. పొడి పొడిగా రాలిపోద్ది. అద్దం భాగం అంత తొందరగా లొంగదు, చెయ్యి జివ్వుమంటుంది.

ఇంకోటి. ట్యాంకులోంచి అప్పుడే తీసిన దిమ్మ మీద మామూలు నీళ్ళు పోస్తే టపటపా పగుళ్ళు వస్తాయి. సరస్సు ఐసుకీ ఇలాగే అవుద్దా?

తిరుగుటపా | డిసెంబరు 27, ఉదయం 8:40

మీరు ఒక్క పేరాలో చెప్పింది నాకు అర్థం కావడానికి రెండు చలికాలాలు పట్టింది. సరస్సు మీద తెల్ల ఐసు ఎక్కువగా మంచు కురిసి, తడిసి, మళ్ళీ గడ్డకట్టడం వల్ల వస్తుంది. బలం సుమారు సగమే అని లెక్కేసుకుంటారు. అంటే 4 అంగుళాల చోట 8 కావాలి. బూడిద రంగులో ఉంటే లోపల నీళ్ళున్నట్టు, దాని జోలికే పోరు.

పగుళ్ళ సంగతి: అవును. పగలు ఎండకి ఐసు సాగుతుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది. అప్పుడు సరస్సు మూలుగుతుంది. నిజంగానే. దూరంగా ఎవరో పెద్ద ఇనుప తీగ మీటినట్టు ఒక మోత ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పరిగెత్తుతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను బోటు వదిలేసి ఒడ్డుకి పరిగెత్తాను. అందరూ నవ్వారు. ఆ చప్పుడు వచ్చినంత మాత్రాన ఐసు విరుగుతున్నట్టు కాదు. పెద్ద సరస్సుల మీద ఐసు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని గట్లలాగా లేస్తాయి. వాటి పక్కనే నీళ్ళు బయటపడి ఉండొచ్చు. ప్రమాదమంటే అదీ. గంటకి యాభై మైళ్ళ మీద పోతున్నవాడికి ఆ గట్టు ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

ఒడ్డున కూర్చున్నోడు | డిసెంబరు 27, ఉదయం 10:02

ఇంత హడావుడి అక్కర్లేదు. మా బావమరిది కెనడాలో సరస్సు మీద కార్లు నడపడం చూశాడు. పడవకి కింద వెడల్పుగా పలక ఉంటుంది కాబట్టి బరువు పంచుకుంటుంది. రెండు అంగుళాలు చాలు.

తిరుగుటపా | డిసెంబరు 27, ఉదయం 10:20

సార్, దయచేసి ఈ లెక్క ఎవరికీ చెప్పకండి. ఆ పలక గాలిలో ఉంటుంది. ఐసుకి తగిలేది మూడు ఉక్కు పట్టీలు మాత్రమే, వాటిని రన్నర్లంటారు. బరువంతా ఆ అంచుల మీదే. పైగా బోటు ఆగినప్పుడు దిగేది మనిషే కదా, ఆయన బరువంతా రెండు పాదాల మీద. మీ బావమరిది చూసిన కార్లు నడిసీజన్‌లో అడుగు మందం ఐసు మీద తిరిగుంటాయి.

ఆ అడుగు మందాన్నీ మార్చిలో నమ్మకూడదు. ఎండలకి ఐసు నిలువునా కొవ్వొత్తుల కట్టలా విడిపోతుంది. చూడ్డానికి మందమే, గునపం ఒక్క పోటుకి దిగిపోతుంది. నాకు ఈ సంగతి తెలిసింది అలాంటి ఒక మార్చిలోనే. చిన్న వాగు సరస్సులో కలిసే చోట, ఒడ్డుకి పది అడుగుల దూరంలో, నడుం దాకా దిగిపోయాను. కాళ్ళకి నేల తగిలింది కాబట్టి ఇది రాస్తున్నాను. అప్పుడు గునపం కారులో ఉంది. సీజన్ అయిపోవచ్చింది కదా, ఒక ఫోటో తీసుకుని వద్దామని వెళ్ళాను.

పాత లంగరు | డిసెంబరు 27, మధ్యాహ్నం 3:15

నేవీలో ఇరవై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. లేజర్, ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న తెరచాప పడవలు రెండూ తోలాను. నాకు ఐసు తెలీదు గానీ గాలి తెలుసు. ఈ బోట్లు గాలి కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా పోతాయని చదివాను. గాలి తోస్తే పోయే వస్తువు గాలిని దాటి ఎలా పోతుంది? మాస్టారు ఉన్నారా?

భౌతికం మాస్టారు | డిసెంబరు 27, సాయంత్రం 6:48

ఉన్నానండి. మీకు తెలిసిన సంగతే, కాస్త తిప్పి చెప్తాను. బీచ్ రోడ్డు మీద స్కూటరు మీద వెళ్తున్నారు, సముద్రం నుంచి పక్కగాలి వస్తోంది. స్కూటరు ఆగి ఉంటే గాలి చెవికి తగులుతుంది. వేగం పెంచేకొద్దీ అదే గాలి ముఖం వైపు జరుగుతుంది, జోరూ పెరుగుతుంది. తెరచాపకి తగిలేది ఈ కలిసిన గాలే. తెరచాప విమానం రెక్కలాంటిది, గాలి ఏటవాలుగా తగిలినప్పుడు పక్కకి లాగుతుంది. పక్కకి జారకుండా రన్నర్ల అంచులు ఐసుని పట్టుకుంటాయి కాబట్టి బోటు ముందుకే పోవాలి. ముందుకి పోతే తగిలే గాలి ఇంకా పెరుగుతుంది, దాంతో లాగుడూ పెరుగుతుంది.

నీటి పడవకీ ఇదే సూత్రం. కానీ నీళ్ళు వెనక్కి లాగేస్తాయి, పడవ తన అలల్లోనే ఇరుక్కుంటుంది. ఐసు మీద రాపిడి చాలా తక్కువ. అందుకే అంత వేగం. గాలి పోయే దిక్కుకే నేరుగా పోతే మాత్రం గాలిని దాటలేరు. అందుకని గాలివాలుకి పోవాలన్నా వంకరటింకరగానే పోతారు.

పాత లంగరు | డిసెంబరు 27, రాత్రి 7:30

అర్థమైంది. అయితే వాళ్ళు తెరచాపని ఎప్పుడూ బిగించే ఉంచాలి. మేం గాలివాలుకి బారుగా వదిలేస్తాం.

తిరుగుటపా | డిసెంబరు 27, రాత్రి 9:10

అంతే సార్, ఎప్పుడూ బిగింపే. మీకు నచ్చే సంగతి ఇంకోటి: ఎడమ కుడి నియమం మనలాగే, కుడివైపు నుంచి గాలి తీసుకునేవాడికి దారి ఇవ్వాలి. దానికి తోడు, ఎదురుగాలికి ఎక్కుతున్నవాడికి గాలివాలుకి వస్తున్నవాడు దారి ఇవ్వాలి. రెండు బోట్లు ఎదురెదురుగా వస్తుంటే ఆలోచించే టైము ఉండదు, అందుకే నియమాలు నోటికి రావాలి.

రేసు మొదలు చూస్తే నవ్వొస్తుంది. బోట్లన్నీ గీత మీద నిలబడి ఉంటాయి, సగం ఒకవైపుకి, సగం ఇంకోవైపుకి తిరిగి. జెండా పడగానే మేకుల బూట్లతో పరిగెత్తుతూ తోసి, వేగం అందుకోగానే లోపలికి దూకి వెల్లకిలా పడుకోవాలి. యాభై దాటిన పెద్దమనుషులు కూడా అలా పరిగెత్తుతారు. తోలేది ఎక్కువగా డీఎన్ అనే రకం. 1937 ప్రాంతంలో డెట్రాయిట్ న్యూస్ పత్రికవాళ్ళ వడ్రంగం షాపులో పుట్టింది, అందుకే ఆ పేరు. పొడవు 12 అడుగులు, అడ్డపలక 8 అడుగులు, తెరచాప 60 చదరపు అడుగులు. ఇంట్లో చేసుకుని కారు మీద కట్టుకుపోవచ్చు. పోలండువాళ్ళు ఇందులో మహా గట్టివాళ్ళు, కారోల్ యబ్లోన్‌స్కీ ఎన్నోసార్లు ప్రపంచ విజేత. పెద్ద బోట్ల కథలు వేరు. 1938లో విస్కాన్సిన్‌లోని విన్నెబాగో సరస్సు మీద జాన్ బక్‌స్టాఫ్ గంటకి 143 మైళ్ళు కొట్టాడని చెప్తారు. ఎవరు ఎలా కొలిచారని మా క్లబ్బులో ఏటా ఒక తగువు.

లంబసింగి ప్రేమికుడు | డిసెంబరు 28, ఉదయం 7:02

ఎంతసేపూ అమెరికా ఏమిటి? మన లంబసింగిలో సున్నా డిగ్రీలు వస్తుంది కదా. గడ్డి మీద, బైకు సీటు మీద ఐసు గీకి తీశాను నేను. తాజంగి రిజర్వాయరు పక్కనే ఉంది. ఎక్కువ చలి పడిన ఏడాది దాని మీద తోలొచ్చా?

వాగుడుకాయ | డిసెంబరు 28, ఉదయం 7:09

బయట పడుకుంటే కొయ్యబారిపోతారని లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు పెట్టారు. రిజర్వాయరు మాత్రం కొయ్యబారదట. అన్యాయం.

భౌతికం మాస్టారు | డిసెంబరు 28, ఉదయం 11:25

గడ్డి పరక సన్నగా ఉంటుంది, మబ్బు లేని రాత్రి తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడుతుంది. అందుకే దాని మీద మంచు పేరుకుంటుంది. రిజర్వాయరు అలా కాదు. పైన చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది, కింది వెచ్చటి నీరు పైకొస్తుంది. పైనుంచి అడుగు దాకా మొత్తం 4 డిగ్రీలకి వచ్చేదాకా ఈ తిరుగుడు ఆగదు. 4 డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువు. అంతకంటే చల్లబడ్డ నీరు తేలికై పైనే నిలిచిపోతుంది, అప్పుడు గానీ ఐసు కట్టదు. తాజంగిలో తెల్లారి ఎండ రాగానే రాత్రి చల్లదనమంతా తీరిపోతుంది. రోజుల తరబడి పగలూ రాత్రీ సున్నాకి కింద ఉండే చోటే సరస్సులు కడతాయి.

మాడిసన్‌లో కూడా లోతు తక్కువున్న మొనోనా సరస్సు ముందు కడుతుంది, లోతైన మెండోటా సరస్సు తర్వాత. మెండోటా ఎప్పుడు కట్టిందో ఎప్పుడు కరిగిందో 1850ల నుంచి రాసిపెట్టారు. ఆ పట్టికలో ఇప్పుడు ఐసు ఉండే రోజులు బాగా తగ్గిపోయాయి.

సీతమ్మధార అక్క | డిసెంబరు 28, మధ్యాహ్నం 1:40

అందరికీ చాలా థాంక్స్. ఇదంతా తమ్ముడికి చదివి వినిపించాను. వాళ్ళు వెళ్ళేది మొనోనాకేనట. వాడి దగ్గర ఏమేం ఉండాలి? లైఫ్ జాకెట్ అవసరమా అని వాడే అడుగుతున్నాడు, నీళ్ళలోకి పోవట్లేదు కదా అని.

తిరుగుటపా | డిసెంబరు 28, మధ్యాహ్నం 2:55

ఆ మాట అన్నందుకే ముందు లైఫ్ జాకెట్ వేసుకోమనండి. హెల్మెట్, మేకుల బూట్లు, కళ్ళద్దాలు క్లబ్బువాళ్ళు చూసుకుంటారు. వాడు సొంతంగా కొనాల్సింది ఒకటుంది: రెండు చెక్క పిడులు, వాటికి మొనలున్న మేకులు, తాడుతో కలిపి మెడలో వేసుకునేది. పది పదిహేను డాలర్లు. నీళ్ళలో పడితే తడిసిన ఐసు అంచు చేతికి దొరకదు, జారిపోతుంది. ఆ మేకులు గుచ్చి లాక్కోవాలి. వచ్చిన దిక్కుకే తిరగాలి, ఎందుకంటే అప్పటిదాకా మోసిన ఐసు అటే ఉంది. కాళ్ళు ఈత కొడుతున్నట్టు ఆడిస్తూ పొట్ట మీద పాకి బయటపడ్డాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ దూరం పోవాలి.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి నీటి మీద పనిచేసిన గార్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క ఒకటుంది, 1-10-1. పడగానే ఊపిరి ఎగపీలుస్తుంది, అది అదుపులోకి రావడానికి 1 నిమిషం. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులు చెప్పినమాట వింటాయి. చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. జనం ఆ మొదటి నిమిషంలో గాభరా పడి నీళ్ళు మింగేస్తారు. లైఫ్ జాకెట్ ఆ నిమిషం కోసం.

మొనోనా అంటున్నారు కాబట్టి ఇంకో మాట. మెండోటా నుంచి యహారా నది వచ్చి అందులోనే పడుతుంది. నీళ్ళు కదిలేచోట ఐసు పలచన. ఆ మూల వైపు వెళ్ళొద్దని చెప్పండి.

జాలరిపేట కుర్రోడు | డిసెంబరు 28, రాత్రి 8:18

మా నాన్న ఇప్పటికీ తెల్లారగట్ల ఒడ్డుకెళ్ళి అల విరిగే తీరు చూసి, మబ్బు చూసి, గాలి ముక్కుకి తగిలించుకుని అప్పుడు పడవ దించాలో వద్దో చెప్తాడు. ఫోన్‌లో వాతావరణం చూపించినా సరే ఒడ్డుకెళ్ళాల్సిందే. ఐసు మీద చివరి మాట ఎవరిది? పదిమంది వెళ్దామని, ఒకడు వద్దంటే?

తిరుగుటపా | డిసెంబరు 28, రాత్రి 9:47

బొక్కలు పెట్టి చూసినవాడిదే తమ్ముడూ. పెద్ద రేసులకైతే ఏ సరస్సు అన్నది రెండు మూడు రోజుల ముందు దాకా ఎవరికీ తెలీదు. ఒక ఊళ్ళో మంచు కురిసి ఐసు కప్పేస్తే రేసు మొత్తాన్ని ఇంకో రాష్ట్రానికి మార్చేస్తారు. జనం బోట్లు కారు మీద కట్టుకుని, సెలవు పెట్టి, ఫోను దగ్గర కూర్చుంటారు. మంచు రెండు రకాలుగా దెబ్బ. రన్నర్లు కూరుకుపోతాయి. పైగా దుప్పటిలా కప్పి కింద ఐసు మందం పెరగనివ్వదు. నా భార్య దీన్ని ఆట అనడానికి ఒప్పుకునేది కాదు, ఎదురుచూపు అనేది.

సీతమ్మధార అక్క | డిసెంబరు 29, ఉదయం 7:50

మనకి ఉదయం ఏడున్నర, వాళ్ళకి ముందురోజు రాత్రి ఎనిమిది. ఇప్పుడే మాట్లాడాను. తోలలేదట! ఎనిమిది చోట్ల కొలిచారు. ఒడ్డు దగ్గర 5 అంగుళాలు, మధ్యకి పోయేకొద్దీ 3, ఒకచోట గునపం రెండో పోటుకే దిగిపోయిందట. అందరూ కాఫీ తాగి ఇంటికొచ్చేశారు. వాడికి చాలా కోపంగా ఉంది. నాకు హాయిగా ఉంది.

ఐసు గునపం | డిసెంబరు 29, ఉదయం 8:03

3 కట్టాక 4 అవ్వడానికి ఇంకా చలి కావాలి. మా డబ్బాలో కూడా మొదటి అంగుళం తొందరగా కడుతుంది, లోపలికి పోయేకొద్దీ నిదానం. కట్టిన ఐసే చలిని అడ్డుకుంటుంది.

సీతమ్మధార అక్క | జనవరి 12, ఉదయం 8:15

అప్‌డేట్. నిన్న తోలాడు. ఈసారి ఎక్కడ కొలిచినా 7 అంగుళాలకి తక్కువ లేదట. మెడలో మేకులు, లైఫ్ జాకెట్, అన్నీ వేసుకున్న ఫోటో ముందు పంపి, తర్వాత వీడియో పంపాడు. ఒకవైపు రన్నరు గాల్లోకి లేచినప్పుడు అరిచిన అరుపు మా వీధి చివరికి వినిపించేలా ఉంది. అమ్మకి చూపించాను. మొత్తం చూసి, చెవులకి టోపీ సరిగ్గా లేదంది.

పాత లంగరు | జనవరి 12, సాయంత్రం 5:40

శుభం. ఇక నా గోల వినండి. పది రోజులుగా నిద్ర పట్టట్లేదు. ఆ డీఎన్ బోటుకి ఉక్కు పట్టీలు తీసి చక్రాలు బిగిస్తే భీమిలి దగ్గర తడి ఇసుక మీద పోదా? వడ్రంగి నాకు తెలిసినవాడే.

జాలరిపేట కుర్రోడు | జనవరి 12, సాయంత్రం 6:22

పోద్ది సార్. కానీ ఈ నెలల్లో పొద్దున గాలి ఈశాన్యం నుంచి తీరం వెంబడే వస్తుంది. ఇసుక కూడా అటే పొడుగు. ఎదురుగాలికి ఎక్కాలంటే అటూ ఇటూ తిప్పాలి, దానికి వెడల్పు ఏదీ? మధ్యాహ్నం సముద్రం గాలి అడ్డంగా వస్తుంది, అది మీకు కుదురుతుంది. అప్పటికి బీచ్ నిండా జనం, గుర్రాలు, మొక్కజొన్న బళ్ళు.

తిరుగుటపా | జనవరి 12, సాయంత్రం 6:51

ముందు పోటు తీసినప్పుడు గట్టి ఇసుక ఎన్ని అడుగుల వెడల్పు ఉంటుందో కొలుద్దాం. ఆదివారం పొద్దున ఆరింటికి రండి సార్. టేపు నేను తెస్తాను.

ఐసు గునపం | జనవరి 12, సాయంత్రం 7:00

గునపం నేను తెస్తాను. అలవాటైపోయింది.